పెదనాన్న గారి అభినందన సంచికలో ‘డై హార్డ్ ఫాలోయర్’ అని వేయవచ్చా?

బైరాగిపట్టెడ ప్రూఫులు (ప్రశ్న)

నేను తిరుపతిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. శుభలేఖలు, కాలేజీ సంచికలు, ఉత్సవాల కరపత్రాలు అన్నీ నా బల్ల మీదుగానే యంత్రానికి వెళ్తాయి. తెలుగులో ఒక మాట ఆ చోటికి తగినదో కాదో చూడగానే తెలుస్తుంది. ఇంగ్లీషులో అక్షరదోషాలు పట్టుకోగలను గాని, మాట వెనక ఉన్న ధ్వని అంత బాగా అందదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా పెదనాన్న గారికి ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఆయన చిత్తూరు జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పాత విద్యార్థులు కలిసి ఒక చిన్న అభినందన సంచిక తెస్తున్నారు. అందులో చివరి కొన్ని పేజీలు ఇంగ్లీషులో ఉంటాయి. వాళ్ల పిల్లల్లో తెలుగు చదవలేని వాళ్లు ఎక్కువ మంది ఉన్నారు కాబట్టి ఆ ఏర్పాటు సబబే. ఆ పేజీల మొదటి వాక్యంలోనే పెదనాన్న గారు తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తికి ‘డై హార్డ్ ఫాలోయర్’ అని ఉంది. రాసినవారు ఆయన దగ్గర చదువుకొని ఇప్పుడు అమెరికాలో ఉంటున్న ఒకరు. ఎంతో ప్రేమగా రాశారు, ఆ పేజీ మొత్తం చదివితే ఎవరికైనా తెలుస్తుంది. అయినా ఆ రెండు మాటల దగ్గరికి రాగానే నా చెయ్యి ఆగుతోంది.

ఎందుకు ఆగుతోందో చెప్పాలంటే పెదనాన్న గారి సంగతి కొంత చెప్పాలి. ఆయన ఇంట్లో కృష్ణమూర్తి ఫొటో ఒక్కటి కూడా లేదు. పుస్తకాలు ఉన్నాయి, ప్రతిదానికీ బ్రౌను కాగితం అట్ట, మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్న ప్రశ్నలు. చాలాచోట్ల ‘ఇది నిజమేనా?’ అని ఉంటుంది. తాను ఇంతగా చదివే మనిషినే అలా నిలదీస్తారు. డిసెంబరు, జనవరి నెలల్లో కృష్ణమూర్తి మద్రాసు అడయారులోని వసంత విహార్‌లో మాట్లాడేవారు కదా, ఆ ప్రసంగాలకు పెదనాన్న గారు చిత్తూరు నుంచి బస్సులో వెళ్లేవారు. చెట్ల కింద నేల మీద కూర్చొని విని, రాత్రి బస్సుకు తిరిగి వచ్చేవారు. 1986 జనవరి 4న అక్కడ జరిగిన చివరి ప్రసంగం కూడా విన్నారు. ఆ తర్వాతి నెలలో కృష్ణమూర్తి కాలిఫోర్నియాలోని ఓహైలో కన్నుమూశారన్న వార్త పేపర్లో చదివి, ఆ రోజూ మామూలుగానే బడికి వెళ్లారని పెద్దమ్మ చెబుతుంది.

ఇన్నేళ్లలో ఆయన మాలో ఎవరికీ ఆ పుస్తకాలు చదవమని చెప్పలేదు. మేమే తీసి చదివితే వద్దనలేదు. బడిలో మాత్రం మార్కులు పైకి చదివేవారు కాదు. లెక్క రాని పిల్లవాణ్ణి వచ్చిన పిల్లవాడితో పోల్చి మాట్లాడటం ఆయన నోట ఎవరూ వినలేదు. ఎవరైనా కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగి చేతులు పట్టుకొని లేపుతారు. పెద్దమ్మకు తిరుమల నడిచి వెళ్లే అలవాటు ఉంది. ఆమెతోపాటు అలిపిరి నుంచి మెట్లన్నీ ఎక్కుతారు, మోకాళ్ల పర్వతం దగ్గర ఆమె సంచి తాను తీసుకుంటారు. ఆమె భక్తి ఆమెది, దాని మీద ఒక్క మాట అనరు.

ఇటువంటి మనిషికి ‘డై హార్డ్’ అన్న మాట నప్పుతుందా? నేను ఆ మాటను రోజూ చూసేది ఫ్లెక్సీల మీద, హీరోల పుట్టినరోజులకు, పార్టీ నాయకుల రాకకు. ఆ అభిమానులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది ఒక రకం మనసు, పెదనాన్న గారిది మరో రకం.

‘డివోటీ’ అని మారుద్దామా అనుకున్నాను. తిరుపతిలో అచ్చయిన కాగితంలో ఆ మాట కనిపిస్తే శ్రీవారి భక్తుడు అనే ఎవరైనా అనుకుంటారు. ‘డిసైపుల్’ అంటే శిష్యుడు, దానికి పెదనాన్న గారే ఒప్పుకోరు. మరి ఏం వేయాలి? ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లు, కృష్ణమూర్తిని చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. రాసినవారి మనసు నొప్పించకుండా మార్చగలిగితే మరీ మంచిది.

చిత్తూరు ఇంగ్లీషు మాస్టారు

అమ్మా, మీ చెయ్యి ఆగడంలో అర్థముంది. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఈ మాట చరిత్ర కాస్త తెలుసు.

1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయెరా దగ్గర నెపోలియన్ సైన్యంతో పెద్ద యుద్ధం జరిగింది. బ్రిటిష్ వారి 57వ రెజిమెంటు అధిపతి ఇంగ్లిస్ తీవ్రంగా గాయపడి కూడా పక్కకు వెళ్లక, తన మనుషులను గట్టిగా పోరాడి చావమని కేకలు వేశాడని చెబుతారు. ఆ రెజిమెంటులో ఎక్కువ భాగం ఆ రోజు చనిపోవడమో గాయపడటమో జరిగింది. మిగిలినవారికి ‘డై హార్డ్స్’ అన్న పేరు స్థిరపడింది. అంటే ఈ మాట పుట్టింది శత్రువుకు ఎదురుగా, వెనక్కి తగ్గకుండా నిలబడటంలో నుంచి.

వందేళ్ల తర్వాత అది రాజకీయాల్లోకి వచ్చింది. 1911లో బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభ అధికారాలకు కత్తెర వేసే బిల్లును చివరిదాకా ఎదిరించిన ప్రభువులను డైహార్డులు అన్నారు. మన దేశానికి దగ్గరి సంగతి మరొకటి ఉంది. 1930లలో భారతదేశానికి స్వపరిపాలన దిశగా తెస్తున్న సంస్కరణలను గట్టిగా ఎదిరించిన కన్సర్వేటివ్ నాయకులను కూడా పత్రికలు అదే పేరుతో పిలిచేవి. చర్చిల్ వారి పక్షమే. ఆ రోజుల్లో ఇంగ్లీషు పేపరు చదివిన మన పెద్దలకు ఆ మాట వినగానే కాలం మారినా మారని మొండి మనుషులు గుర్తుకు వచ్చేవారు.

ఇప్పుడు ఆ ఘాటు చాలావరకు తగ్గింది. ఒక క్రికెట్ జట్టు ఎన్నిసార్లు ఓడినా వదలని అభిమానిని ‘డై హార్డ్ ఫ్యాన్’ అంటే అది మెచ్చుకోలే. ఫ్యాన్ అన్నది కూడా 19వ శతాబ్దం చివర అమెరికాలో బేస్‌బాల్ ఆట చుట్టూ వాడుకలోకి వచ్చింది, ఫనాటిక్‌కు కుదింపు రూపమని ఎక్కువ మంది అంటారు. ఆ ఫనాటిక్‌కు మూలం లాటిన్‌లో గుడి అని అర్థమున్న ఫానుమ్. దేవాలయంలో పూనకం వచ్చినవాణ్ణి అలా అనేవారు. మన ఊళ్లవాళ్లకు ఆ దృశ్యం ఎవరూ వివరించనక్కర్లేదు.

కాబట్టి అది తిట్టు కాదు, అవమానమూ కాదు. కాని ఆ మాట విన్నవాడికి తట్టేది ఒకటే, ఎవరేం చెప్పినా అభిప్రాయం మార్చుకోని మనిషి అని. మార్జిన్‌లో ‘ఇది నిజమేనా?’ అని రాసుకునే మనిషికి అది సరిపడదు.

మరి ఏవి వాడతారంటే, పార్టీకో సిద్ధాంతానికో కట్టుబడినవారికి ‘స్టాంచ్’ అంటారు. ఒక కవినో గాయకుణ్ణో గాఢంగా అభిమానించేవారికి ‘ఆర్డెంట్ అడ్మైరర్’ చక్కగా ఉంటుంది. ‘డివౌట్’ మతనిష్ఠకు, ‘డివోటెడ్’ మనిషికో పనికో అంకితమైన వారికి. ఈ చివరి రెండూ మన పత్రికల్లో ఒకదాని చోట ఒకటి పడుతుంటాయి, ప్రూఫులు చూసేవారు కాబట్టి చెబుతున్నాను. మీ సంచికకు నా ఓటు ‘ఆర్డెంట్ అడ్మైరర్’కు.

హార్స్లీ కొండల కింద

అక్కా, నాది మదనపల్లె. మాస్టారు గారు చెప్పినది బాగుంది, అయితే ఆయన మొదటి మాట దగ్గరే ఆగారు. అసలు చిక్కు రెండో మాటలో, ‘ఫాలోయర్’లో ఉంది.

కృష్ణమూర్తి 1895లో మా ఊళ్లో పుట్టారు. 1909లో అడయారు సముద్రతీరంలో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి చూసి, రాబోయే జగద్గురువుకు ఇతడే వాహిక అవుతాడని సమాజం వారికి చెప్పారు. 1911లో ఆయన కోసమే ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంఘం పెట్టారు, ఆయనను దానికి అధిపతిని చేశారు. దేశదేశాల్లో సభ్యులు, ఆస్తులు, పత్రికలు, ఏటా శిబిరాలు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో, సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ ఎదుటే, వేలమంది వింటుండగా ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి దారులు వేసి లేవని, తనకు అనుచరులు అక్కర్లేదని, ఒకరి వెంట నడవడం మొదలుపెట్టిన క్షణమే సత్యం వెంట నడవడం ఆగిపోతుందని ఆ రోజు చెప్పారు. సంఘం పేరిట వచ్చిన భూములు, ఆస్తులు తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాత దాదాపు యాభై ఏడేళ్లు దేశాలు తిరుగుతూ మాట్లాడారు. ప్రసంగాల్లో ‘నేను’ అనడానికి బదులు చాలాసార్లు ‘వక్త’ అన్న అర్థంలో ‘స్పీకర్’ అని చెప్పుకునేవారు, వినేవాళ్ల చూపు తన మీద నిలవకూడదని. ఇంత చేసిన మనిషికి ఒకరిని ‘ఫాలోయర్’ అని అచ్చువేస్తే, ముందు డై హార్డ్ ఉన్నా, డివోటెడ్ ఉన్నా, మరేది ఉన్నా వాక్యం నిలవదు. ‘అడ్మైరర్’ కొంత నయం, కాని అందులో కూడా చూపంతా మనిషి మీదికే పోతుంది.

కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడి మా ఊరికి దగ్గరే. అక్కడి పాత ఉపాధ్యాయులతో మాట్లాడితే కృష్ణమూర్తి వ్యక్తి గురించి తక్కువగా, ‘టీచింగ్స్’ గురించి ఎక్కువగా చెబుతారు. మీ పెదనాన్న గారు మార్కులు పైకి చదవకపోవడం, పిల్లలను పోల్చకపోవడం అక్కడి నుంచి వచ్చినవే. పోలిక వల్ల పిల్లల్లో భయం పుడుతుందని కృష్ణమూర్తి ఎప్పుడూ చెబుతూ ఉండేవారు. ప్రభుత్వ బడిలో, యాభై అరవై మంది ఉన్న తరగతిలో ఆ పని చేయడం రిషివ్యాలీలో చేయడం కన్నా చాలా కష్టం. సంచికలో ఆ సంగతి తప్పక రావాలి అక్కా. ‘స్టూడెంట్’ అన్న మాట చూడండి. ఎనభై ఏళ్ల లెక్కల మాస్టారును విద్యార్థి అనడం నాకు చాలా నచ్చింది.

నగరి మగ్గం

నేను కొంచెం వేరుగా చెబుతాను. రాసినవారి మాట తీసేసే ముందు ఒకసారి ఆలోచించండి. దూరదేశంలో ఉన్న పాత విద్యార్థి మాస్టారును తలచుకోగానే ఆ మాటే వచ్చిందంటే, దాని వెనక ఆయన కళ్లారా చూసినది ఏదో ఉంటుంది. నిఘంటువు తెచ్చి దాన్ని కొట్టేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఇప్పుడు చదివే పిల్లలకు 1811 యుద్ధం తెలియదు, 1911 ప్రభువులూ తెలియరు. వాళ్లకు ‘డై హార్డ్’ అంటే ఎంతకూ వదలని ఇష్టం.

మార్చి తీరాలంటే మా వృత్తికి దగ్గరిది ఒకటి ఉంది, ‘డైడ్ ఇన్ ది వుల్’. మాది నగరి, ఇంట్లో మూడు తరాలుగా మగ్గాలే. బట్ట నేసిన తర్వాత రంగులో ముంచితే రంగు పైపైన పడుతుంది, ఉతుకుల్లో వెలుస్తుంది. నూలుకే ముందు రంగు పట్టించి నేస్తే పోగు లోపలిదాకా నిలుస్తుంది. ఇంగ్లండులో ఉన్నిని వడకక ముందే రంగు వేసేవారు, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. మీ పెదనాన్న గారిలో ఆ చదువు అలా పట్టిందని చెప్పడానికి ఇది బాగుంటుంది కదా. పైగా ఇందులో యుద్ధం లేదు, పూనకం లేదు.

చిత్తూరు ఇంగ్లీషు మాస్టారు

నగరి వారు చెప్పిన రంగు సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. వాడుకలో మాత్రం ఆ మాట తర్వాత ఎక్కువగా వచ్చేది పార్టీ పేరో, వాదం పేరో. ఫలానా పార్టీకి చెందిన కరడుగట్టిన మనిషి అన్నట్టు ధ్వనిస్తుంది. మళ్లీ మనం అక్కడికే వస్తాం.

మదనపల్లె వారి అభ్యంతరం సరైనది, నా ‘అడ్మైరర్’ను వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మా, ఆ రాసినవారిని ఒకసారి ఫోనులో అడగండి, ఏ సంఘటన మనసులో పెట్టుకొని ఆ మాట రాశారో.

బైరాగిపట్టెడ ప్రూఫులు

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఆ వాక్యం రాసిన అన్నయ్యతో మాట్లాడాను. నగరి వారి అనుమానమే నిజమైంది. మా ఇంట్లో కూడా పూర్తిగా తెలియని విషయం ఒకటి బయటపడింది.

ఆ అన్నయ్య పదో తరగతిలో ఉన్నప్పుడు బడిలో క్వార్టర్లీ పరీక్షల ర్యాంకుల పట్టిక గేటు పక్క గోడకు అంటించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. పెదనాన్న గారు తన తరగతి పట్టిక ఇవ్వలేదు. ప్రతి పిల్లవాడి మార్కులు వాడికి, వాడి తల్లిదండ్రులకు చెబుతానని, గోడ మీద మాత్రం పెట్టనని అన్నారు. మందలించారు, రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. ఆయన ఒకే వాక్యం రాసి ఇచ్చారట. ఏమని రాశారో పిల్లలకు తెలియలేదు. సంవత్సరం మధ్యలో బదిలీ అయింది, కుప్పం వైపు. పెద్దమ్మ ఆ రోజుల్లో పిల్లలతో చిత్తూరులోనే ఉండిపోయి ఒక్కతే ఇల్లు నడిపిందని నాకు తెలుసు. కారణం ఇదని ఇప్పుడే తెలిసింది.

ఆ తరగతిలో లెక్కల్లో అందరికన్నా వెనకబడిన పిల్లవాడు ఆ అన్నయ్యే. పట్టిక అంటించి ఉంటే అడుగున ఉండేది తన పేరేనని, ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేవాణ్ణి కాదేమోనని చెప్పి కాసేపు మాట్లాడలేకపోయారు. ‘డై హార్డ్’ అన్నది ఆయనకు ఆ గోడ దగ్గర నిలబడ్డ మాస్టారు. మాస్టారు గారూ, అల్బుయెరా కథ ఆయనకు చెప్పాను. అయితే నేను రాసింది సరిగ్గానే రాశాను కదా అన్నారు.

సరిగ్గానే రాశారు, నేనూ అదే అన్నాను. కాని ఆ రోజు పెదనాన్న గారు నిలబడింది పిల్లల కోసం. కృష్ణమూర్తి పేరు ఆ గొడవలో ఎక్కడా ఎత్తలేదట. ఆ పట్టుదలను తీసుకెళ్లి కృష్ణమూర్తి పేరు పక్కన పెడితే, చదివేవారికి పిల్లలు కనిపించరు, ఒక గురువూ ఆయన వెనక ఒక శిష్యుడూ కనిపిస్తారు. ఇది చెప్పగానే అన్నయ్య వెంటనే అర్థం చేసుకున్నారు. ఆ సంఘటనను ఒక పేరాగా తానే రాసి పంపుతానన్నారు, ఏ విశేషణమూ లేకుండా, జరిగింది జరిగినట్టు. బడి పేరు, అధికారుల పేర్లు వద్దని నేను కోరాను. పెదనాన్న గారికి ఎవరి మీదా కోపం లేదు, అచ్చులో మేము పుట్టించకూడదు.

ఇక మొదటి వాక్యం. ‘స్టూడెంట్’ అన్న సూచన ఇద్దరికీ నచ్చింది. ‘లైఫ్‌లాంగ్ స్టూడెంట్ ఆఫ్ జె. కృష్ణమూర్తి’ అని వేయవచ్చా?

చిత్తూరు ఇంగ్లీషు మాస్టారు

చాలా సంతోషమమ్మా. ఒక్క సవరణ. అలాగే వదిలితే ఆయన కృష్ణమూర్తి దగ్గర తరగతిలో కూర్చొని చదువుకున్నారని, రిషివ్యాలీ పూర్వ విద్యార్థి అని అనుకునే వీలుంది. ‘ఆఫ్’ తర్వాత ‘కృష్ణమూర్తీస్ టీచింగ్స్’ అని పెట్టండి. ఆ వాక్యం కిందనే గోడ సంగతి పేరా రావాలి, మధ్యలో ఉద్యోగ వివరాలు, అవార్డులు పెట్టవద్దు. అవి చివరకు పోవచ్చు.

నగరి మగ్గం

ఆ పేరా తెలుగు పేజీల్లో కూడా వేయండి. ఇంగ్లీషు పిల్లలకే ఎందుకు? ఇక్కడి బళ్లలో ఇప్పటికీ మార్కుల ఫ్లెక్సీలు కడుతున్నారు.

బైరాగిపట్టెడ ప్రూఫులు

వేస్తున్నాము. తెలుగులో నేనే రాస్తున్నాను, ఇందాకే పెద్దమ్మను అడిగి ఆ బదిలీ కాలం వివరాలు సరిచూసుకున్నాను. సంజాయిషీ కాగితం కార్బన్ నకలు బీరువాలో ఉందని ఆమె చెప్పింది, చూపించడానికి మాత్రం పెదనాన్న గారిని అడగాలంది. అడుగుతాను. ఆయన వద్దంటే వేయను. ఇంగ్లీషు పేజీలు మాస్టారు గారు చెప్పినట్టే మార్చి డీటీపీకి ఇచ్చాను, సోమవారం ప్లేట్లకు వెళ్తాయి.